చిల్లు పట్టినవాళ్లే అతుకు వెయ్యాలి

అనుమానించడమే ఆమె ఉద్యోగం. చొక్కాలు కుట్టే ఫ్యాక్టరీలో చెకింగ్ సెక్షన్. కుట్టు తప్పినచోట, కాలరు వంకరపోయినచోట, గుండీ వదులైనచోట ఎర్ర స్టిక్కరు అంటించి వెనక్కి పంపాలి. బాగున్నదాన్ని మెచ్చుకోవడానికి జీతమెవరిస్తారు? పొద్దస్తమానం లోపాలు వెతికే మనిషి ఇంటికొచ్చాక మాత్రం కళ్లు మూసుకుని కూచుంటుందా? ఎదుటివాళ్లు ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే రకం. అందుకే ఫ్యాక్టరీలోనూ బయటా అందరూ ఆమెను చెకింగక్క అనేవారు. ఆ పేరంటే ఆమెకీ లోలోపల కాస్త గర్వమే.

అలాంటి మనిషికి మాయాలోకాల నవలల పిచ్చి ఉందంటే ఎవరూ నమ్మరు. కానీ ఉంది. మంత్రగాళ్లు, మాట్లాడే కత్తులు, ఎగిరే కొండలు, ఏది దొరికినా చివరి పేజీ దాకా వదలదు. ఆ పిచ్చి అంటించింది తమ్ముడి పెళ్లాం. ఆదివారం మధ్యాహ్నం కళ్లజోళ్ల దుకాణం పైగదిలో ఇలాంటి పిచ్చివాళ్లంతా చేరేవారు. వదినా మరదళ్లిద్దరూ అన్నం తిన్న చెయ్యి ఆరకముందే అక్కడికి పరిగెత్తేవారు.

చిన్న గది. ఓ మూల అద్దాలు బిగించని ఫ్రేములున్న అట్టపెట్టెలు, గోడకి పెద్ద అక్షరాల నుంచి చిన్న అక్షరాల దాకా దిగే కంటి పరీక్ష పటం, ఒకదానికొకటి పొత్తు కుదరని కుర్చీలు. దుకాణం యజమానిని అందరూ పెద్దాయన అనేవారు. పెత్తనం మాత్రం లెక్కల టీచరమ్మది. రిటైరైనా పాఠం చెప్పడం మానని మనిషి. మంత్రమంటే నోటికొచ్చింది అనెయ్యడం కాదని, దానికి మూలం ఉండాలని, హద్దు ఉండాలని, మూల్యం ఉండాలని కొత్తగా వచ్చిన ప్రతివాళ్లకీ వల్లె వేయించేది. వారానికొకరు తాము అల్లుకున్న లోకాన్ని అందరి ముందూ పెట్టాలి. మిగతావాళ్లు దానికి చిల్లులు పెట్టాలి. గాలిని గడ్డకట్టించే మంత్రగాడు ఊపిరెలా పీలుస్తాడు? చచ్చినవాళ్లని లేపగలిగే రాణి తన గుర్రాన్ని ఎందుకు లేపుకోలేదు? ఇలాగన్నమాట.

ఇది ముదిరి ముదిరి, ఒక దశలో చిల్లులు పెట్టేవాళ్లే తప్ప లోకాలు అల్లేవాళ్లు మిగల్లేదు. పెద్దాయన విసుగెత్తి ఓ నియమం పెట్టాడు. చిల్లు పట్టినవాళ్లే అతుకు కూడా వెయ్యాలి. తప్పు చూపించి చేతులు దులుపుకుంటే కుదరదు. చెకింగక్కకి ఇది మొదట్లో కొరుకుడుపడలేదు. తర్వాత అదే ఆమె ఆటైపోయింది. ఆమె పట్టినంత సన్నటి చిల్లు ఎవరూ పట్టలేరు, ఆమె వేసినంత గట్టి అతుకు ఎవరూ వెయ్యలేరు. ఆమె నోరు విప్పితే గది మొత్తం చెవులు రిక్కించేది.

కిందటి చలికాలం మరదలు జబ్బు చేసి పోయింది. తమ్ముడు బేకరీలో రొట్టెలు కాల్చేవాడు. నోట్లో నాలుక లేని మనిషి, పుస్తకమంటే ఆమడ దూరం. అలాంటివాడు ఓ ఆదివారం తనూ వస్తానని బయల్దేరి, పైగదిలో పెళ్లాం కూచునే కుర్చీలోనే కూచున్నాడు. పోనీలే, నలుగురిలో పడతాడని చెకింగక్క ఊపిరి పీల్చుకుంది. కొన్నాళ్లకి తనూ ఓ లోకం అల్లుతున్నానన్నాడు. ఆమె సంబరం అంతా ఇంతా కాదు.

అతని లోకంలో చనిపోయినవాళ్లు ఎక్కడికో పోరు. ఇలాంటిదే ఇంకో ఊరుంటుంది, ఇవే వీధులు, ఇవే మేడమెట్లు. అక్కడుంటారు. బతికున్నవాడు కావాలంటే అక్కడికి వెళ్లొచ్చు. మంత్రానికి మూలం పోయినమనిషి గొంతు. ఆ గొంతు గుర్తున్నంతకాలమే దారి తెరిచి ఉంటుంది, అది హద్దు. వెళ్లినవాడు తిరిగి రాలేడు, అది మూల్యం. టీచరమ్మ మూడూ సరిపోయాయని తలూపింది. అప్పట్నించి వారం వారం అదే చర్చ. వెళ్లేటప్పుడు నొప్పి ఉంటుందా అని అతనే అడిగేవాడు, ఉండదని పెట్టుకోమని పెద్దాయన అనేవాడు. అక్కడున్న పెళ్లాం కథలోని వీరుణ్ని గుర్తుపట్టకపోతే ఎలాగని టీచరమ్మ అడ్డుపడితే, తమ్ముడి తరఫున చెకింగక్కే అతుకు అందించేది.

చివరికి అన్నిటికంటే పెద్ద చిల్లు ఆమే పట్టింది.

“నీ వీరుడు మంచివాడంటున్నావు. మంచివాడు వెనకున్నవాళ్లని ఏడిపించి పోతాడా? ఎక్కడో తేడా కొడుతోంది” అంది.

తమ్ముడి మొహం వాడిపోయింది. “నాకూ అక్కడే ఆగిపోయిందక్కా” అన్నాడు.

చిల్లు పట్టింది తనే కాబట్టి అతుకూ తనే వెయ్యాలి. ఆమె పెద్దగా ఆలోచించలేదు కూడా. “దీనికంత బెంగెందుకురా? వాడు అటు అడుగు పెట్టగానే ఇటువాళ్లంతా వాణ్ని మర్చిపోతారని పెట్టు. ఎవరికీ ఏడుపుండదు. ఆ మాటకొస్తే మంత్రం కూడా అక్కర్లేదు, కొన్నాళ్లుపోతే మనుషులు దేనికైనా అలవాటు పడిపోతారు.”

గదంతా చప్పట్లు. తమ్ముడూ కొట్టాడు. మరదలు పోయాక అతని మొహం అంత తేటగా కనిపించడం అదే మొదలు. ఆమెకి కడుపు నిండిపోయింది.

చప్పట్లు కొట్టనివాడు ఒక్కడే. గుమ్మం పక్క కుర్చీలో కూచుని, చెకింగక్క వైపు గుచ్చి గుచ్చి చూస్తున్నాడు.

ఆ మనిషి కొన్ని వారాల కిందట కళ్లజోడు బాగుచేయించుకోవడానికి దుకాణానికొచ్చి, పైన మాటలు విని మెట్లెక్కాడట. ఏం చేస్తుంటారంటే బండి నడుపుతానన్నాడు. ఏం బండి అంటే నీళ్లు నమిలాడు. దాంతో బండాయన అన్న పేరు ఖాయమైంది. వచ్చినప్పట్నించి ఒక్క లోకం అల్లలేదు, ఒక్క చిల్లు పట్టలేదు. పుస్తకాల మాటొస్తే దిక్కులు చూసేవాడు. తమ్ముడు నోరు తెరిస్తే మాత్రం ముందుకు వంగి వినేవాడు. మీటింగవగానే అతనితో కలిసి మెట్లు దిగేవాడు. పుస్తకాల మీద ఇష్టం లేనివాడికి పుస్తకాల గదిలో ఏం పని? చెకింగక్క ఆ రోజే అతని మీద ఓ కన్నేసింది.

ఆ సాయంత్రం టీ తాగుతుంటే మాట నిజమైన చావు మీదికి మళ్లింది. పోయాక ఏమవుతుందని ఎవరికి తోచింది వాళ్లు చెప్పారు. మెలకువ లేని నిద్రే అన్నాడు పెద్దాయన. మళ్లీ పుడతామంది టీచరమ్మ, తప్పిన లెక్క మళ్లీ చేయించకుండా ఎవరు వదుల్తారని. ఏమీ ఉండదు, దీపం ఆరితే వెలుగెక్కడికి పోయిందని వెతుక్కుంటామా అంది చెకింగక్క. తమ్ముడు టీ కప్పు చేత్తో పట్టుకుని ఆమెనే చూస్తూ ఉండిపోయాడు. బండాయన వంతొచ్చింది.

“నేను చాలామందిని చివరిదాకా చూశాను. అటునుంచి నాకెవరూ ఏమీ చెప్పలేదు” అన్నాడు.

చాలామందినా? చివరిదాకానా? ఆమె చేతిలో టీ చల్లారిపోయింది.

ఆ తర్వాత ఒక్కొక్కటే బయటపడసాగాయి. తమ్ముడి ఇంటికెళ్తే మరదలి పుస్తకాల బీరువా ఖాళీగా ఉంది. టీచరమ్మకిచ్చేశానన్నాడు. ఇంకోసారి వెళ్తే గోడగడియారం లేదు, రేడియో లేదు, మంచి దుప్పట్లు లేవు. అడిగితే, ఇల్లు ఖాళీ చేస్తుంటే తేలిగ్గా ఉందక్కా అని నవ్వాడు. అంత హాయిగా నవ్వేవాణ్ని గట్టిగా అడగడానికి నోరెలా వస్తుంది? అదీకాక ఆమె అనుమానమంతా ఒకే మనిషి చుట్టూ తిరుగుతోంది. ఓ ఆదివారం మెట్ల మలుపు దగ్గర తమ్ముడు తన ఇంటి రెండో తాళంచెవి బండాయన చేతిలో పెట్టడం కళ్లారా చూసింది. నిలదీస్తే, పాపం, ఆయనకి డ్యూటీ మధ్యలో నడుం వాల్చడానికి చోటు కావాలట అన్నాడు.

నడుం వాల్చడానికట! ఊళ్లో ఇంక చోటే లేనట్టు! చెకింగక్కకి లెక్క తేలిపోయింది. పోయినవాళ్లతో మాట్లాడిస్తానని నమ్మించి, పెళ్లాం పోయి పిచ్చెక్కినట్టున్న అమాయకుణ్ని పట్టుకుని, ఇల్లు గుల్ల చేస్తున్నాడు. పెద్దాయనతో చెప్తే, నీకు అందరి మీదా అనుమానమేనమ్మా అని తేలిగ్గా తీసిపారేశాడు. టీచరమ్మ రుజువేదంది. సరే, రుజువే తెస్తానని పళ్లు కొరుక్కుంది.

తలనొప్పని చెప్పి ఒక పూట సెలవు పెట్టి, బేకరీ ఎదుట జిరాక్సు షాపు అరుగు మీద కాపు కాసింది. అనుకున్నట్టే బండాయన వచ్చాడు. అద్దాల్లోంచి లోపలికి తొంగిచూశాడు, లోపలికెళ్లి ఎవరితోనో మాట్లాడాడు, బయటికొచ్చేసరికి మొహంలో రక్తం లేదు. దొంగలా గబగబా నడక సాగించాడు. ఈమె వెనకాలే. సందులు దాటి, రోడ్డు దాటి, అతను ఓ పెద్ద ఆసుపత్రి వెనక గేట్లోకి దూరాడు. మరదలు పోయిన ఆసుపత్రే అది. చెకింగక్కకి ఒళ్లు భగ్గుమంది. ఇదన్నమాట సంగతి! పోయినవాళ్ల ఆచూకీ ఇక్కడ పట్టి, వెనకున్నవాళ్ల కొంపలో దూరడమన్నమాట!

లోపల అంబులెన్సులు వరసగా నిలబెట్టి ఉన్నాయి. అతను ఒకదాని తలుపు తీస్తుంటే వెళ్లి అడ్డంగా నిలబడింది.

“మీ నాటకం తెలిసిపోయింది. మా తమ్ముడి ఇంటి తాళంచెవి ఇలా పడెయ్యండి.”

అతను ఆమెను చూసి ఉలిక్కిపడలేదు. “ఇవ్వను” అన్నాడు. “ముందు మీరో సంగతి చెప్పండి. మీ తమ్ముడు పోతే మీకేం కలిసొస్తుంది?”

జన్మలో ఆమెను ఎవరూ అనుమానించి ఎరగరు.

“నేను నడిపేది ఈ బండే” అన్నాడతను. “చెప్తే జనం చావుల కథలు చెప్పమంటారని చెప్పను. ఆలస్యంగా చేరుకున్న ఇళ్లు చాలా చూశానక్కగారూ. లోపలంతా సర్దేసి ఉంటుంది. వస్తువులు పంచిపెట్టేసి ఉంటారు. అంతకుముందు రెండ్రోజులూ ఎంతో హాయిగా ఉన్నాడండీ అని ఇంట్లోవాళ్లు చెప్తారు. మీ తమ్ముడు అల్లేది కథ కాదు. వారం వారం ఆయనకి ఒక అడ్డు మిగిలేది, మీరంతా కూచుని దాన్ని తీసేసేవారు. అందరికంటే ఎక్కువ మీరే తీశారు. ఈమె అక్కేనా, ఇలా తోస్తోందేమిటి అని నాకు మీ మీదే అనుమానం. అందుకే మీతో చెప్పకుండా తాళంచెవి నేనే అడిగి తీసుకున్నాను, ఏ వేళలోనైనా లోపలికెళ్లేలా ఉండాలని.”

“మీరు... మీరు ఆ రోజే చెప్పాల్సింది.”

“అవును. నాదీ తప్పే. బేకరీలో నిన్ననే పని మానేశాడట. ఎక్కండి.”

ఎక్కింది. ఎలా ఎక్కిందో ఆమెకే తెలియదు. దారంతా తన మాటలే చెవుల్లో గింగురుమన్నాయి. మర్చిపోతారని పెట్టు. దేనికైనా అలవాటు పడిపోతారు. వాడికి మిగిలిన ఒకే ఒక్క అడ్డు తనే కదా! చెల్లెలా, అన్నా, అమ్మా నాన్నా, ఎవరున్నారు వాడికి తను తప్ప? ఆ అడ్డు తన చేత్తో తనే తీసి పక్కన పెట్టి, పైగా చప్పట్లు కొట్టించుకుంది. ఊళ్లోవాళ్ల చొక్కాలకి గుండీ వదులైతే కనిపిస్తుంది గానీ, ఇంట్లోవాడి మొహం కనిపించలేదు. ఇంత కోపం ఆమెకి ఎప్పుడూ ఎవరి మీదా రాలేదు. చేతులు ఒళ్లో కుక్కుకుని కూచుంది.

తమ్ముడి ఇంటి గుమ్మం ముందు బండాయన తాళంచెవి ఆమె చేతిలో పెట్టాడు. “మీరే తియ్యండి. నేనిక్కడే ఉంటాను” అన్నాడు.

తలుపు తీసేసరికి తమ్ముడు ఖాళీ గదిలో గోడకానుకుని నేల మీద కూచుని ఉన్నాడు. గడ్డం గీసుకున్నాడు, ఉతికిన చొక్కా వేసుకున్నాడు. నేల అద్దంలా తుడిచి ఉంది. బతికే ఉన్నాడు. ఆమె గుమ్మం పట్టుకుంది.

“ఇవాళ ఫ్యాక్టరీ లేదా అక్కా?” అన్నాడు మామూలుగా.

ఆమె వెళ్లి అతని ఎదురుగా చతికిలబడింది. డొంకతిరుగుడుగా అడగడానికి టైము లేదు, తెలివీ లేదు.

“చచ్చిపోదామనుకుంటున్నావా?”

అతను తన అరచేతులు చూసుకున్నాడు. పొయ్యి దగ్గర కాలిన మచ్చలతో నిండిన చేతులు. తర్వాత అన్నాడు, “దాని గొంతు మర్చిపోతున్నానక్కా. నిన్న పొద్దున ఎంత తలుచుకున్నా రాలేదు. ఇంక దారి మూసుకుపోతుంది.”

“దారీ లేదు, గీరీ లేదు. అది మనం కూచుని అల్లుకున్న కథరా.”

“తెలుసు.” అతని గొంతు చాలా నెమ్మదిగా ఉంది. “కథైనా, ఒక్కటి మాత్రం నిజమే కదా. వెనకున్నవాళ్లు అలవాటు పడతారని నువ్వే అన్నావు. నువ్వు ఊరికే ఏదీ అనవు. అన్నీ చూసుకుని అంటావు.”

ఆ మాటకి ఆమెకి ఏడుపు ముంచుకొచ్చింది. ఆపుకోలేదు.

“అబద్ధంరా. గెలవాలని అన్నాను. అందరూ భేష్ అంటారని అన్నాను. నీ పెళ్లాం పోయి ఇన్నాళ్లైందా, ఆదివారం ఆ మెట్లెక్కుతుంటే ఇప్పటికీ వెనక్కి తిరిగి చూస్తాను, వస్తోందా లేదా అని. దానికే అలవాటు పడలేదు నేను. నీకెలా పడతాను? ఎలా పడతాన్రా, చెప్పు?”

“దీపం ఆరితే ఏమీ ఉండదన్నావు.”

“అన్నాను. చూసొచ్చినట్టు అన్నాను. నాకేం తెలుసు? అది ఎక్కడైనా ఉందో, అసలు లేదో, నాకు తెలీదు. నువ్వున్నావు. ఇదిగో, ఇక్కడున్నావు. నాకు తెలిసిందల్లా అంతే.”

అతని మీద పడి భుజాలు పట్టుకుంది. మొదట రాయిలా ఉన్నాడు. కాసేపటికి భుజాలు అదరడం మొదలైంది. శ్మశానంలో ఏడవనివాడు, పదోరోజు ఏడవనివాడు, అక్క మెడలో మొహం దాచుకుని చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆమె ఊరుకోమని అనలేదు. ఏమని అతుకు వెయ్యాలో ఆమెకి నిజంగానే తెలియలేదు.

“డాక్టరు దగ్గరికి పోదాం పద. అవన్నీ ఆయనతో చెప్దువుగాని” అంది చివరికి.

లేచాడు. గుమ్మం దాకా వచ్చి ఆగిపోయాడు. తొడుక్కోవడానికి చెప్పులు లేవు. ఉన్న జతా, పనికి వేసుకునే బూట్లూ నిన్న బేకరీలో ఎవరికో ఇచ్చేశాడు. మళ్లీ గుమ్మం దాటే పని ఉంటుందని అతను అనుకోనేలేదు. ఆమె తన చెప్పులు విప్పి అతని కాళ్ల ముందుకు తోసింది. మడమలు వెనక్కి వేలాడుతుండగా ఈడ్చుకుంటూ మెట్లు దిగాడు. వెనకాలే వట్టి కాళ్లతో ఆమె, చొక్కా చివర గట్టిగా పట్టుకుని. బండాయన వెనక తలుపు తెరిచి పట్టుకుని నిలబడ్డాడు.

ఆసుపత్రిలో డాక్టరు గది ముందు నర్సు ఆపింది. ఆమె వట్టి కాళ్ల వంకా, అతని కాళ్లకున్న ఆడవాళ్ల చెప్పుల వంకా చూసి, లోపలికి పేషంటొక్కరే రావాలంది. మీరు ఆయనకి ఏమవుతారని అడిగింది. చెకింగక్క జవాబు చెప్పబోయేలోపే తమ్ముడు వెనక్కి తిరిగాడు.

“మా అక్క” అన్నాడు. “ఉండనివ్వండి.”